గుణకం ఒకటే, పరిహారాలు వేరు: చిలకలూరిపేట పరిసరాల్లో ప్రమాద క్షతగాత్రుల క్లెయిములు

సరళా వర్మ (2009), ప్రణయ్ సేథీ (2017) కేసుల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల తరువాత మోటారు ప్రమాద పరిహారం కేవలం లెక్కగా మారిందని, బాధితుని వార్షికాదాయాన్ని పట్టికలో వయసుకు తగిన గుణకంతో హెచ్చవేస్తే దేశంలో ఎక్కడైనా ఒకే న్యాయం దక్కుతుందని చెప్పే వాదం న్యాయ వ్యాఖ్యాతలలో స్థిరపడిపోయింది. పట్టిక వాదమని పిలవదగిన ఈ ధోరణి గుణకంపై చూపిన శ్రద్ధలో సగమైనా, ఆ గుణకంతో హెచ్చవేసే ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నపై చూపలేదు. అమెరికాలో ప్రమాద పరిహార చట్టం రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. నార్త్ కరోలినాలో బాధితుని తప్పు రవ్వంత ఉన్నా సాధారణంగా దావా వీగిపోతుంది, టెక్సాస్‌లో ఆ తప్పు సగానికి మించితేనే వీగిపోతుంది. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం అందరికీ ఒకటే కాబట్టి ఫలితమూ ఒకటేనని పట్టిక వాదులు భావించారు. పల్నాడు జిల్లాలోని చిలకలూరిపేట ఈ భావనను నిలవనివ్వదు.

పదహారవ నంబరు జాతీయ రహదారి పక్కన గణపవరం స్పిన్నింగు మిల్లులున్నాయి, ఆ రహదారికి రెండు వైపులా పత్తి, మిరప చేలున్నాయి. మిల్లుకు వెళ్లే మహిళ, మిరప కోతకు వెళ్లే మహిళ ఒకే ఆటోలో ప్రయాణిస్తూ ఒకే ప్రమాదంలో ఒకే విధంగా గాయపడ్డారని, ఇద్దరికీ 35 ఏళ్లని, సంపాదనా శక్తి నష్టం ఇద్దరికీ 30 శాతమని అనుకుంటే గుణకం ఇద్దరికీ 16 అవుతుంది, మిల్లు కొలువు శాశ్వత ఉద్యోగం కాకపోతే భవిష్యత్తు పెరుగుదల కింద ఇద్దరి ఆదాయానికీ 40 శాతం కలుస్తుంది. మిల్లు జీతం చీటీలో నెలకు 12,000 ఉంటే ఆమెకు రావలసింది 9,67,680 రూపాయలు. కోత కూలీకి చీటీ లేదు. ఆధారం లేనప్పుడు మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ తానే అంచనా కట్టే ఊహాత్మక ఆదాయం 6,000 దగ్గర ఆగితే ఆమెకు దక్కేది 4,83,840 రూపాయలు. చట్టం మారలేదు, గుణకం మారలేదు, మొత్తం మాత్రం సగమైంది. కూలీ పనివారి వద్ద ఆదాయ పత్రాలు ఆశించలేమని రామచంద్రప్ప కేసులో (2011) సుప్రీంకోర్టు గుర్తించి, 2004 నాటి కూలీకి నెలకు 4,500 అంగీకరించిన మాట నిజమే గాని, ఆ ఉదారత ప్రతి ట్రిబ్యునల్‌లోనూ కనిపిస్తుందని ఆశించడం అమాయకత్వం.

వైకల్యం విషయంలో చిక్కు మరింత లోతైనది. ఒక అవయవానికి వైద్యుడు రాసిన శాతాన్ని యథాతథంగా సంపాదన నష్టంగా తీసుకోరాదని, బాధితుడు ఏ పని చేసి బతుకుతున్నాడో చూసి నిర్ణయించాలని రాజ్‌కుమార్ తీర్పు (2011) చెప్పింది. మిరప కోత అంటే రోజంతా నడుము వంచి, బొటనవేలితో, చూపుడువేలితో తొడిమ దగ్గర కాయను తుంచి ఒడిలో వేసుకోవడం. మణికట్టు బిగుసుకుపోయిన గుమాస్తా ఏదో విధంగా ఉద్యోగం నిలుపుకోగలడేమో గాని, కోత కూలీ ఆ సీజనుకే కాదు, బహుశా జీవితాంతం పనికి దూరమవుతుంది. ఈ తేడాను విచారణలో సాక్ష్యాన్ని బట్టి తేల్చవలసింది ట్రిబ్యునల్. వైకల్య పింఛను కోసం ఇచ్చే సదరం ధ్రువపత్రంలోని అంకె మాత్రం కోత పని గురించి ఏమీ చెప్పదు.

ఇక వాహనం సంగతి. ముగ్గురికి పర్మిట్ ఉన్న ఆటోలో పదిమంది ఎక్కితే, అంజనా శ్యామ్ తీర్పు (2007) ప్రకారం బీమా కంపెనీ ముగ్గురి మేరకే, అంటే అత్యధికమైన మూడు పరిహారాల మొత్తం వరకే చెల్లిస్తుంది, దానిని పదిమందీ దామాషాలో పంచుకోవాలి. మిగిలినది ఆటో యజమాని నుంచి రాబట్టుకోవాలి. ఆ యజమాని చేతిలో తరచు ఉండేది ఆ తుక్కయిన ఆటో ఒక్కటే. ట్రాక్టర్ ట్రక్కులో వెళ్లే కూలీల పరిస్థితి ఇంకా హీనం. సరకు వాహనంలో ఉచితంగా ఎక్కినవారి విషయంలో కంపెనీకి బాధ్యత లేదన్న ఆశారాణి తీర్పు (2003) వారికి అడ్డువస్తుంది. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర మిరప కూలీల ట్రాక్టర్ బోల్తాపడి నలుగురు మహిళలు మరణించారు. అటువంటి ఘటనల్లో గాయపడినవారి పరిహారాన్ని తేల్చేది గుణకం కన్నా ముందు వాహనపు బీమా పత్రమే.

లోక్ అదాలత్ రాజీలు సత్వర ఊరటనిస్తాయన్న మాట కొంతవరకు నిజం. అయితే అక్కడ కుదిరిన మొత్తంపై అప్పీలు ఉండదు కాబట్టి, తక్కువ ఆదాయంతో మొదలైన లెక్క అక్కడే శాశ్వతమవుతుంది.

చట్టం కేంద్రానిదైనా వ్యవసాయ కనీస వేతనాల నోటిఫికేషన్ రాష్ట్ర ప్రభుత్వానిది. ప్రమాదం జరిగిన నాటికి అమలులో ఉన్న ఆ వేతనాన్ని కూలీ ఆదాయానికి కనీస హద్దుగా, ప్రత్యేక సాక్ష్యం అడగకుండానే, ట్రిబ్యునళ్లూ లోక్ అదాలత్‌లూ స్వీకరించాలి. పల్నాడులో ఈ పని వచ్చే మిరప కోతలకు ముందే మొదలుకావాలి.