నలభై వాట్ల గొంతు

నలభై వాట్ల బల్బు వెలుతుర్లో బియ్యంలో రాళ్ళేరడం కూడా కష్టమే. అంతే శక్తితో గాల్లోకి పాట పంపించారంటే నమ్ముతారా? పంపించారు మరి! 1924లో సి.వి. కృష్ణస్వామి శెట్టీ, ఆయనతోపాటు మరికొందరూ కలిసి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టుకున్నారు. జులై 31న ప్రసారాలు మొదలుపెట్టారు. ఆలిండియా రేడియో అన్న పేరు పుట్టడానికి అప్పటికింకా పన్నెండేళ్ళుంది!

మద్రాసు రేడియోతో నెల్లూరు వాళ్ళకేం పని అంటారేమో. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మా జిల్లాకి మద్రాసే రాజధాని. చదువులకీ, కోర్టులకీ, పెద్దాసుపత్రికీ, పెళ్ళి పట్టుచీరలకీ అందరం రైలెక్కేది అటే. రేడియో మాత్రం మరోవైపు నుంచి ఎందుకొస్తుంది?

సరదా కొద్దీ పెట్టిన సంసారం ఎన్నాళ్ళు సాగుతుంది చెప్పండి? డబ్బు చాలక 1927లో క్లబ్బు మూతపడింది. దాని యంత్రం మద్రాసు కార్పొరేషన్ చేతికొచ్చింది. 1930 ఏప్రిల్ నుంచి, వీధి దీపాలూ కుళాయిలూ చూసుకునే ఆఫీసే రేడియో కూడా నడిపింది. సాయంత్రాలు సంగీతం, కార్పొరేషన్ బడి పిల్లలకు కథలు, ఆదివారం పొద్దున గ్రామఫోను రికార్డులు. మెరీనా బీచిలో లౌడ్‌స్పీకర్లు పెట్టారు కనుక, రేడియో కొనలేని వాళ్ళు కూడా ఇసకలో కూర్చుని విన్నారు. కాణీ ఖర్చు లేని కచేరీ!

1938 జూన్ 16న అక్కడే ఆలిండియా రేడియో కేంద్రం వెలిసింది. అరవంతోపాటు తెలుగూ వినిపించింది. పిల్లలకి రేడియో అన్నయ్య, అక్కయ్యగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల గొంతులు మొదట వినిపించింది ఆ మద్రాసు నుంచే. 1948 డిసెంబరు 1న బెజవాడ కేంద్రం వచ్చాక మాకు ఉత్తరాన్నుంచి కూడా తెలుగు అందింది. అటు బెజవాడ, ఇటు మద్రాసు, మధ్యన ముల్లు తిప్పుకుంటూ మేము!

ఆ తర్వాత రేడియో వేషాలు ఎన్ని మార్చిందనీ! 1957లో వివిధభారతి వచ్చి సినిమా పాటల్ని దర్జాగా ఇంట్లోకి తెచ్చింది. 1967లో బొంబాయితో మొదలుపెట్టి అందులో ప్రకటనలు చేరాయి. 1977లో దేశంలోనే మొదటిసారి ఎఫ్.ఎం. ప్రసారం మళ్ళీ ఆ మద్రాసులోనే మొదలైంది. 1985లో లైసెన్సు రుసుము ఎత్తేశారు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని స్త్రీల కార్యక్రమం కోసం కూర్చున్న మన తరం ఇవన్నీ చూసింది.

కానీ సముద్రం ఒడ్డున మాత్రం రేడియోకి ఎప్పుడూ ఒకటే పని. పాటలు బెజవాడ వేస్తేనేం, మద్రాసు వేస్తేనేం? తెప్ప మీద మగవాడు వేటకెళ్ళిన ఇంట్లో ఆడదానికి కావలసింది రేపు గాలి ఎట్టా ఉంటుందన్న కబురు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర పెద్ద తుఫాన్లు తీరం దాటాయి. అలాంటి రాత్రి ముందుగా పోయేది కరెంటు. అప్పుడు మాట్లాడేది బ్యాటరీ ట్రాన్సిస్టరొక్కటే. ఆ గొంతు ఏ ఊరు పేరు చెబితే ఆ ఊరు మూటాముల్లే సర్దుకోవాలి.

ఇంతకాలానికి, 2022లో, నెల్లూరులో వంద మీటర్ల టవరుతో పది కిలోవాట్ల ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రం ప్రారంభమైంది. లెక్కేస్తే ఆ క్లబ్బు యంత్రానికి రెండు వందల యాభై రెట్లు! సంతోషమే. అయితే వాట్లు పెరిగినంత మాత్రాన మాట మనదవుతుందా? 2006లో ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలక్కూడా రేడియో పెట్టుకునే వీలిచ్చింది. మెదక్ జిల్లా మాచునూరులో 2008లో దళిత మహిళలు సంఘం రేడియో మొదలుపెట్టారు. విత్తనాల గురించీ, వంటల గురించీ, వాళ్ళ పాటలూ వాళ్ళ యాసలోనే. వినేదీ వాళ్ళే, చెప్పేదీ వాళ్ళే.

మా టవరు నుంచి నేను కోరేదీ అదే. సినిమా పాటలు ఇప్పుడు ఫోన్లో కావలసినన్ని దొరుకుతాయి. మైపాడులో చేపలమ్మే ఆవిడ గాలి మారిందని ఎట్టా కనిపెడుతుందో, తుఫాను రాత్రి పిల్లల్ని ఎక్కడ దాచిందో ఆవిడ గొంతులోనే వినాలని ఉంది. దానికి పది కిలోవాట్లు కూడా అక్కర్లేదు, నలభై చాలు!