మట్టి ముద్దకు వంటింటి పనిముట్లు

బొమ్మలు చేసే ముద్దకు ప్రత్యేకమైన పనిముట్లు దుకాణాల్లో దొరకడం ఇటీవలి సంగతి. మట్టితో, రంపపు పొట్టుతో, ఇప్పుడు పాలిమర్ ముద్దతో బొమ్మలు చేస్తున్న తెలుగువాళ్లు పనిముట్లలో చాలా భాగం ఇంట్లోంచే తీసుకున్నారు. వాడిన వస్తువు మళ్లీ వంటింటికి చేరగలదా లేదా అన్నది మాత్రం చేసేవాళ్ల ఇష్టం మీద కాక, ముద్ద స్వభావం మీద ఆధారపడింది.

కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్ ప్రాంతంలో ఈ చరిత్రకు మొదలు మంజీర ఒండ్రు. బాలాఘాట్ కొండల్లో పుట్టి కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే ఈ నది మీద, ఊరికి చేరువలోనే, 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగర్ ప్రాజెక్టు పూర్తి చేశారు. కట్టినప్పుడు 29.7 టీఎంసీలు పట్టే జలాశయం పూడిక వల్ల 17.8 టీఎంసీలకు తగ్గిపోయింది. ఇంజనీర్లు నష్టం కింద రాసుకునే ఈ పూడికే చెరువుల అడుగున చేరితే కుమ్మరికి ముడిసరుకు. చెరువుల పూడికతీతకు తెలంగాణ ప్రభుత్వం చేపట్టిన మిషన్ కాకతీయ 2015 మార్చిలో మొదలైంది కూడా ఈ జిల్లాలోని సదాశివనగర్ చెరువు దగ్గరే.

మంజీర పారే సంగారెడ్డి జిల్లాలో కొండాపూర్ దిబ్బను నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940ల మొదట్లో తవ్వించింది. సాతవాహనుల కాలపు ఊరు అక్కడ బయటపడింది. దొరికిన వాటిలో తెల్లమట్టి బొమ్మలు ప్రసిద్ధం. ముందు సగానికి ఒక అచ్చు, వెనక సగానికి ఒక అచ్చు ఉండేవి. రెండింటిలో మట్టిని పలచగా అదిమి, అంచులు కలిపి, లోపల బోలుగా ఉండే బొమ్మను కాల్చేవారు. బోలు బొమ్మకు మట్టి తక్కువ పడుతుంది, ఆవంలో పగిలే ప్రమాదమూ తక్కువే. అచ్చు అనేది బొమ్మల పనికే పుట్టిన సాధనమని, ఇంటి నుంచి తెచ్చుకున్నది కాదని ఒప్పుకోవాలి.

కుమ్మరి పనిలో అసలైన వృత్తి సాధనం సారె ఒక్కటే అనిపిస్తుంది. తక్కినవి సాదా వస్తువులు: నీళ్ల చిప్ప, కుండను సారె మీది ముద్ద నుంచి కోసి తీసే దారం, అంచు నునుపు చేసే తడిగుడ్డ. సారె మీద దళసరిగా లేచిన కుండను కాస్త ఆరనిచ్చి, లోపల గుండ్రటి రాయి పెట్టి, బయటినుంచి చెక్కతో కొడుతూ గోడ పలచబరుస్తారు. దక్షిణాదిన చాలా పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి ఇది. తడి మట్టి రాయికి అంటుకోకుండా చల్లేది పొయ్యిలోని బూడిద. అంటుకోకుండా చూడటం ముద్దతో చేసే ప్రతి పనిలోనూ మొదటి చిక్కు. కుమ్మరి బూడిదతో తీర్చుకున్న ఈ చిక్కునే పాలిమర్ ముద్దతో బొమ్మలు చేసేవారు మొక్కజొన్న పిండితో తీర్చుకుంటారు.

ఇళ్లలో బొమ్మలు చేసేది ఎక్కువగా పండుగలకే. మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఉత్తర తెలంగాణ పల్లెల్లో శ్రావణ అమావాస్యను పొలాల అమావాస్యగా చేసుకుంటారు. ఎడ్లను కడిగి అలంకరించడంతో పాటు మట్టి ఎడ్లను పెట్టి పూజిస్తారు. కొన్ని కుమ్మరి ఇంటి నుంచి వస్తాయి, కొన్ని పిల్లలు చేసినవి. కాళ్లు నిలబడటానికి లోపల చీపురు పుల్లలు చాలు. మూపురాన్ని బొటనవేలితో నొక్కి తీస్తారు, గంగడోలు గీతలకు అగ్గిపుల్ల ఉంటుంది. కొద్ది రోజుల్లో వచ్చే వినాయక చవితికి గురివింద గింజలే కళ్లు. ఈ బొమ్మలను కాల్చరు, నీళ్లలో కలిపేస్తారు. పీటకు అంటిన మట్టి చెంబెడు నీళ్లతో పోతుంది, సాయంత్రానికి అదే పీట భోజనానికి పనికొస్తుంది.

వంటింటి నుంచి పనిముట్టే కాదు, ముద్ద కూడా వచ్చిన సందర్భం చింతగింజలది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ చిత్రకారులు పటాలతో పాటు ముఖాలూ చేస్తారు. చింతగింజలను నానబెట్టి, రుబ్బి, నీళ్లలో ఉడికిస్తే చిక్కటి జిగురు దిగుతుంది. అందులో రంపపు పొట్టు కలిపి పిసికితే చేతికి అంటకుండా సాగే ముద్ద అవుతుంది. దాన్ని కొబ్బరి చిప్ప మీద పరిచి ముక్కు, పెదవులు, కనుబొమలు దిద్దుతారు. ఆరాక సుద్ద పూసి రంగులు వేస్తారు. కొబ్బరి చిప్ప అచ్చుగా వచ్చి బొమ్మలోనే ఉండిపోతుంది. రోలు, గిన్నె మాత్రం ఇంటివే. పటానికి వాడే ఖాదీ గుడ్డకు పెట్టేదీ బియ్యపు గంజి, సుద్ద, చింతగింజల జిగురే. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర ముక్కలను అతికి బొమ్మ నిలబెట్టే మక్కులోనూ ఇవే రెండు సరుకులు, చింతగింజల పిండీ రంపపు పొట్టూ. ఇలా పారేసే గింజ నుంచి గట్టి ముద్ద తీసిన ఈ రెండు ఊళ్ల పనితనానికి రావలసినంత పేరు రాలేదు.

పాలిమర్ ముద్ద పుట్టుక వేరే దేశంలో. 1930ల చివర జర్మనీలో, బొమ్మల తయారీకి పేరుపడ్డ కేథె క్రూజే తన బొమ్మల తలలకు కొత్త పదార్థం వెతికారు. అప్పుడు చేతికొచ్చిన ఒక ప్లాస్టిక్ ముద్ద ఆ పనికి కుదరలేదు. ఆమె కూతురు ఫీఫీ రేబిండర్ దాన్ని మెరుగుపరిచి పిల్లల చేతిపనులకు అమ్మారు. 1964లో ఎబర్‌హార్డ్ ఫాబర్ సంస్థ ఆ సూత్రాన్ని కొని ఫిమో పేరుతో బజారులో పెట్టింది. అమెరికాలో స్కల్పీ అనే ముద్ద 1960లలో వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ల వేడిని బయటికి పంపేందుకు తయారైన పదార్థం అది, ఆ పనికి పనికిరాక బొమ్మలకు మిగిలింది. 1991లో నాన్ రోష్ రాసిన ‘ద న్యూ క్లే’ పుస్తకంతో ఈ పని పిల్లల ఆట స్థాయి దాటి కళగా గుర్తింపు పొందింది.

పేరులో మట్టి అని ఉన్నా ఇందులో మట్టి కాదు, పీవీసీ పొడి ప్రధానం. దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి ద్రవం, రంగులు కలిసి ముద్ద అవుతుంది. 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ వేడిలో పొడి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. అసలు మట్టి ఇటుకలా మారడానికి 600 డిగ్రీలకు పైన వేడి కావాలి, అందుకే ఆవం. పాలిమర్‌కు ఇంటి ఓవెన్ సరిపోతుంది. ఓవెన్ లేని తెలుగు ఇళ్లలో కేకు కోసం ఉప్పు పోసి వేడి చేసే కుక్కర్ మీదికి ఆలోచన పోతుంది. కానీ దానిలో వేడి ఎంతుందో తెలియదు. పీవీసీ మాడితే ఘాటైన హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. మైక్రోవేవ్ కూడా దీనికి తగదు.

పనిముట్లకు కొదవ లేదు. ముద్దను పరచడానికి చపాతీ కర్ర కన్నా గాజు సీసా మేలు, చెక్క ముద్దలోని ద్రవాన్ని పీల్చుకుంటుంది. నేల టైలు ముక్క మీద పని చేస్తే బొమ్మను కదపకుండా టైలుతో సహా ఓవెన్‌లో పెట్టవచ్చు. గడ్డం గీసుకునే బ్లేడుతో రంగు ముద్దలు కలిపి చేసిన కడ్డీని పలచని బిళ్లలుగా కోస్తారు. గుండ్రటి ముక్కలకు పెన్ను మూత, రంధ్రాలకు సూది వాడతారు. పాత టూత్‌బ్రష్‌తో తడితే నారింజ తొక్కలాంటి గరుకు వస్తుంది. జాకెట్టుకు కుట్టే లేసు నొక్కితే అల్లిక ముద్ర పడుతుంది. రాళ్లుప్పు గుచ్చి కాల్చి, నీళ్లలో వేస్తే ఉప్పు కరిగి గుంటలు మిగులుతాయి. పెద్ద పూసల లోపల అల్యూమినియం రేకు ఉండ పెడితే ముద్ద ఆదా అవుతుంది. సన్నని తీగల కోసం విదేశాల్లో లోహపు గొట్టాలు అమ్ముతారు, తెలుగు ఇంట్లో ఆ పనికి మురుకుల గొట్టం ఎప్పటినుంచో ఉంది. కాకపోతే ముద్ద బియ్యప్పిండి కన్నా గట్టిది, అరచేతుల మధ్య వేడెక్కించి పిసికితే గానీ దిగదు.

మురుకుల గొట్టాన్ని ఈ పనికి ఇచ్చాక మళ్లీ పిండికి వాడకూడదు. మట్టి నీళ్లకు లొంగుతుంది, చింతగింజల జిగురు తినే వస్తువు నుంచి వచ్చింది. పీవీసీని మెత్తబరిచే ద్రవాలు మాత్రం గొట్టం కన్నాల్లో, చెక్క రంధ్రాల్లో నిలుస్తాయి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలను కరిగించి అంటుకుంటాయి. ఆ ద్రవాల్లో థాలేట్లు అనే కొన్నింటిని పిల్లల బొమ్మల్లో 0.1 శాతానికి మించకుండా అమెరికా 2008లో చట్టం చేసింది. తయారీదారులు ఇప్పుడు వేరే ద్రవాలు వాడుతున్నా, డబ్బాల మీద తిండికి సంబంధించిన గిన్నెలు వాడవద్దన్న హెచ్చరిక అలాగే ఉంది. కాల్చి గట్టిపడ్డాక కూడా ఈ ముద్దతో తినే పళ్లెం, తాగే గ్లాసు చేయరు. చెవి కమ్మలు, పూసలు, తాళాల గుత్తి బొమ్మలు, ఫోటో చట్రాలు దీని పరిధి.