వాటా ఉన్న ఊరికే బడి

1959 అక్టోబరులో షాద్‌నగర్‌కు నెహ్రూ వచ్చారు, పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు, ఊళ్లకు అధికారం దిగివచ్చింది. పాలమూరు, నల్గొండ జిల్లాల స్థానిక పాలన గురించి రాసినవాళ్లు కథను దాదాపు ఇక్కడే మొదలుపెడతారు. అంతకుముందు ఇక్కడి జనం నోరెత్తలేదనీ, ఆ తర్వాతే అడగడం నేర్చుకున్నారనీ చదివేవాళ్లకు అనిపిస్తుంది. నాకు ఆ రెండు మాటల మీదా నమ్మకం లేదు.

పాత కథ తెలిసిందే కనుక తొందరగా దాటేస్తాను. నిజాం కాలంలో భూమిశిస్తు రూపాయికి అణా చొప్పున లోకల్ ఫండ్ వసూలయ్యేది. అందులో బడికి రాలింది తక్కువ, రాలిన చోట చదువు ఉర్దూలో సాగేది. వనపర్తి, గద్వాల, జటప్రోలు సంస్థానాల్లోనూ జాగీరుల్లోనూ బడి ఉండటం, ఉండకపోవడం ప్రభువుల దయ. ఊరివాళ్లు చందాలు వేసుకుని పంతులును పెట్టుకుంటే అది ఖాన్గీ బడి, దానికి సర్కారు అనుమతి కావాలి. ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో, 1931లో దేవరకొండలో, 1936లో ఇదే షాద్‌నగర్‌లో సమావేశమైంది. తల్లిభాషలో చదువు కావాలనీ, ఖాన్గీ బడుల మీద ఆంక్షలు ఎత్తేయాలనీ ఆ ఉద్యమం పట్టుబట్టింది. ముందు అడిగింది పైసలు కాదు, అడ్డు తొలగమని. కాబట్టి 1959 నాటికి షాద్‌నగర్‌కు అడగడం కొత్త కాదు. కొత్తగా వచ్చింది వాటా.

ఈ వాటా దగ్గర కాసేపు ఆగాలి. పంచాయతీ సమితులు వచ్చాక ప్రాథమిక బడులు సమితి కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తు కిందికి వెళ్లాయి. బడి గది కట్టాలన్నా బావి తవ్వాలన్నా ఊరు ముందుగా తన వంతు చూపాలి. అది రొక్కమైనా కావచ్చు, రాయీ కలపా కావచ్చు, శ్రమదానమైనా కావచ్చు. సమాజ వికాస పథకం నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఊరిది అన్న మమకారం పెరుగుతుందని దాని వెనక ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు. కానీ కోస్తాలో మద్రాసు కాలం నుంచే జిల్లా బోర్డుల బడులున్నాయి, గ్రాంటు తీసుకుని నడిచే ఎయిడెడ్ బడులున్నాయి. సర్కారు దగ్గర సగం, ఊళ్లో సగం రాబట్టే విద్య అక్కడివాళ్లకు రెండు తరాల అలవాటు. తెలంగాణలో ఉన్న కొద్ది బడుల్లో ఎక్కువ భాగం నేరుగా సర్కారువే. వెట్టిచాకిరీ నుంచి, 1946–51 సాయుధ పోరాటం నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న ఊళ్లను నీ వంతు తే అంటే తెచ్చేదెవరు? మోతుబరి. స్థలం ఆయనది, బండరాయి ఆయన గుట్టది, బండ్లు ఆయనవి. అర్జీ మీద మొదటి సంతకమూ ఆయనదే.

అలాంటి పాత బడుల్లో వరండా గోడకు ఒక రాయి ఉంటుంది. సున్నం పూతల కింద అక్షరాలు సగం మూసుకుపోయి ఉంటాయి. పైన ప్రారంభించిన మంత్రి, కింద సమితి అధ్యక్షుడు, ఆ కింద దాత. రాయి మోసినవాళ్లకు అందులో చోటు లేదు. ఆ మోత కూడా అందరికీ కుదిరే పని కాదు. నాగార్జునసాగర్ కట్టిన చేతుల్లో పాలమూరు కూలీలవి ఎన్నో. పనుల కాలంలో వాళ్లు ఊళ్లో ఉంటే కదా తమ ఊరి బడికి శ్రమదానం చేయడానికి! వలస వెళ్లిన ఊరు వాటా చూపలేదు, వాటా చూపని ఊరికి గది రాలేదు. అచ్చంపేట, మక్తల్, దేవరకొండ వైపు చదువు వెనకబడటానికి జనం నిర్లక్ష్యమే కారణమని చెప్పేవాళ్లు ఈ లెక్కను వదిలేస్తారు.

నా వాదనను నేనే కొంత తగ్గించుకోవాలి. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు ఊళ్లకు వాటా బరువు తగ్గింది. అక్కడ బడులు పెరగడంలో కాలువ పుణ్యం ఎంత, సమితి పుణ్యం ఎంత అన్నది విడదీయడం కష్టం. పైగా జిల్లా పరిషత్ హైస్కూలు లేకపోతే ఈ రెండు జిల్లాల్లో మొదటి తరం పంతుళ్లూ గుమాస్తాలూ ఎక్కడి నుంచి వచ్చేవారు? సమితి చెడ్డదని నేననను. అది పైసలను అవసరం వైపు కాక స్తోమత వైపు పంపిందంటాను. 1986 చట్టంతో సమితులు పోయి మండలాలొచ్చాయి. దారి మారలేదు.

స్థానిక సంస్థల మీద జనానికి ఎంత నమ్మకం మిగిలిందో 1996 చెప్పింది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన నల్గొండలో జలసాధన సమితి పిలుపుతో లోక్‌సభ ఎన్నికకు నిరసనగా నామినేషన్లు వెల్లువెత్తాయి. చివరికి బరిలో 480 మంది నిలిచారు. గెలిచింది కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. నామినేషన్ల రూపంలో ఆ అర్జీ వెళ్లింది జిల్లా పరిషత్తుకు కాదు, ఢిల్లీకి. ఢిల్లీ మొదటి జవాబుగా అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచింది.

స్వచ్ఛంద సంస్థలు వచ్చాకే బడి గురించి ఊళ్లు మేల్కొన్నాయన్న మాట కూడా సగమే నిజం. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో మొదలై నల్గొండకూ విస్తరించింది. దాని గొప్పతనం సొంత బడులు పెట్టకపోవడం. పనిలో ఉన్న పిల్లలను సర్కారు బడికే తెచ్చి, పంతుళ్లను ఇమ్మని సర్కారునే అడిగించింది. 1936 నాటి ఆంధ్ర మహాసభ గొంతు మళ్లీ వినిపించింది అక్కడ. 1998 చట్టం తల్లిదండ్రుల విద్యా కమిటీలకు హోదా ఇచ్చింది. 2010లో విద్యాహక్కు చట్టం అమలుకొచ్చి ఆ కమిటీల పేరు మార్చింది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలొచ్చాయి. ఇన్నిసార్లు కమిటీ మారింది కానీ చెక్కుబుక్కు మీద ఊరి పట్టు పెరగలేదు.

2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన మన ఊరు–మన బడి పథకానికి 7,289 కోట్లు ప్రకటించారు. పనులు చేయించి బిల్లుల కోసం తిరిగిన కమిటీ చైర్మన్లకు ఆ అంకె గుర్తుండే ఉంటుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం మొక్కలకు పంచాయతీ బడ్జెట్టులో పది శాతం పక్కన పెట్టమంది. బడికి అలాంటి శాతం రాయలేదు. నూటొక్క మంది నుంచి 250 మంది దాకా పిల్లలున్న బడికి ఏడాది గ్రాంటు 50 వేలు. సుద్దముక్కలూ కరెంటు బిల్లూ చీపుర్లూ అందులోనే. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. అడగడానికి సర్పంచే లేని దాదాపు రెండేళ్లు అవి.

ఇప్పుడు అడగడానికి కొత్త సర్పంచులున్నారు. చదువు పేరున మీరు కట్టే పైసల లెక్కతోనే మొదలుపెట్టండి. మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నారు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరిందా, పంచాయతీ ఖాతాలోనే ఆగిందా అని వచ్చే గ్రామసభలో అడగండి. జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించి, నకలు తీసుకోండి.