మేడారం జాతర బండి ప్రయాణం

సమ్మక్క సారలమ్మ జాతరకు కుటుంబమంతా ఎడ్లబండిలో గాని, ట్రాక్టరు ట్రాలీలో గాని తరలివెళ్ళి, జాతర ముగిసే వరకు ఆ బండినే నివాసంగా చేసుకొనే ఆచారాన్ని మేడారం జాతర బండి ప్రయాణం అనవచ్చు. ఇది తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పల్లెలలోను, వాటి పరిసర ప్రాంతాలలోను కనిపిస్తుంది. పాశ్చాత్య దేశాలలో కారు వెనుక ఇంటిబండిని తగిలించుకొని సెలవులలో ఊరూరా తిరిగే కుటుంబాలు ఉన్నాయి. ఇక్కడి ప్రయాణం కూడా అటువంటిదే కాని, దీనికి మొక్కుబడి మూలం. బండి కూడా పొలం పనులకు వాడుకొనేదే.

నేపథ్యం

మేడారం గ్రామం ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో, ఏటూరునాగారం అభయారణ్య ప్రాంతంలో ఉన్నది. 2016 అక్టోబరు 11 వరకు ఇది వరంగల్ జిల్లాలోను, ఆ తరువాత 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడే వరకు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను ఉండేది. జాతర రెండు సంవత్సరాలకు ఒకసారి మాఘమాసంలో నాలుగు రోజులపాటు జరుగుతుంది. బుధవారం కన్నెపల్లి నుండి సారలమ్మను, గురువారం చిలకలగుట్ట నుండి సమ్మక్కను గద్దెలపైకి తెస్తారు. శనివారం దేవతల వనప్రవేశంతో జాతర ముగుస్తుంది. 1996లో ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. సమ్మక్క భర్త పగిడిద్దరాజును మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుండి కోయ పూజారులు కాలినడకన మేడారానికి తీసుకువస్తారు.

మాఘమాసం నాటికి వానాకాలపు వరి కోతలు ముగిసి, ధాన్యం ఇల్లు చేరి ఉంటుంది. వర్షాధారపు పొలాలు గల రైతులకు ఎడ్లు, బండ్లు ఖాళీగా ఉండే కాలమిది. ఎండలు ఇంకా ముదరవు. దూరప్రయాణానికి ఈ కాలం అన్ని విధాలా అనుకూలం.

ఎడ్లబండ్ల కాలం

అడవిలోనికి మంచి రోడ్లు లేని రోజులలో ఎడ్లబండియే ప్రధాన సాధనం. ప్రయాణానికి ముందు ఎడ్లకు నాడాలు కొట్టించి, ఇరుసుకు కందెన వేసి, బండిపై వెదురు తడకలతో గూడు కట్టేవారు. కలిగినవారు కచ్చురం అనే తేలికపాటి సవారి బండిని వాడేవారు. బండిలో అడుగున వరిగడ్డి పరచి, దానిపై బొంతలు వేసేవారు. ఈ గడ్డి దారిలో పరుపుగాను, ఆపదలో ఎడ్లకు మేతగాను ఉపయోగపడేది. బియ్యం, పప్పు, కారం, వంటపాత్రలు, మొక్కు కోళ్ళు, అమ్మవారికి సమర్పించే బెల్లం వెంట ఉండేవి. ఈ బెల్లాన్ని భక్తులు బంగారం అంటారు.

ఎడ్లబండి రోజుకు సుమారు 20 నుండి 25 కిలోమీటర్లు మాత్రమే నడవగలదు. జనగామ నుండి మేడారం దాదాపు 150 కిలోమీటర్లు కనుక అక్కడివారికి వెళ్ళడానికే ఆరేడు రోజులు పట్టేది. ఒకే ఊరి బండ్లు వరుసగా కదిలేవి. రాత్రి చెరువు కట్టల వద్ద, తోపులలో విడిది చేసి, ఎడ్లను విప్పి, మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకొనేవారు. అడవి భయం, దొంగల భయం ఉండుటచే ఏ కుటుంబమూ ఒంటరిగా బయలుదేరేది కాదు.

దారులు

జనగామ వైపువారు హన్మకొండ, ములుగు, పస్రా మీదుగా వస్తారు. నేడు ఈ దారి 163వ జాతీయ రహదారి. మహబూబాబాద్ వైపువారు నర్సంపేట, మల్లంపల్లి మీదుగా ములుగు చేరి ఇదే దారిలో కలుస్తారు. భూపాలపల్లి వైపు నుండి కాల్వపల్లి మీదుగా అడవి దారి ఉన్నది. ములుగు వద్ద గట్టమ్మ తల్లికి మొక్కి ముందుకు సాగడం ఆనవాయితీ. ఇటీవలి జాతరలలో సొంత వాహనాలను పస్రా, నార్లాపూర్ మీదుగాను, ఆర్టీసీ బస్సులను తాడ్వాయి మీదుగాను పంపుతున్నారు.

ట్రాక్టరు ట్రాలీ

వ్యవసాయంలో ఎడ్ల స్థానాన్ని ట్రాక్టరు ఆక్రమించడంతో జాతర ప్రయాణంలో కూడా అదే జరిగింది. ఆరేడు రోజుల దారి ఒక్క పగటిలోనికి వచ్చింది. ట్రాలీపై వెదురు బద్దలు వంచి, టార్పాలిన్ కప్పి, లోపల గడ్డి పరుస్తారు. ఒక్కొక్క ట్రాలీలో రెండు మూడు కుటుంబాలు ప్రయాణిస్తాయి. మేడారంలో పొలాలలో ట్రాలీని నిలిపి, పక్కనే పొయ్యి పెట్టుకొంటారు. జంపన్న వాగులో స్నానం, గద్దెల దర్శనం, మొక్కు చెల్లింపు, ఆపై బంధువులతో కలిసి భోజనం ఈ నాలుగు రోజుల దినచర్య. వృద్ధులు, పసిపిల్లలు చలిలో తలదాచుకొనేది ట్రాలీలోనే.

ప్రమాదాలు

మోటారు వాహనాల చట్టం (1988) ప్రకారం ట్రాక్టరు ట్రాలీ సరుకులు మోయడానికి ఉద్దేశించినది, ప్రయాణికులకు కాదు. దానికి కూర్చొనే సీట్లు, పట్టుకొనే ఆధారాలు ఉండవు. ట్రాక్టరుకు, ట్రాలీకి మధ్య ఉండే కొక్కెం, పిన్ను సరిగా లేనిచో ట్రాలీ విడిపోవచ్చు. చాలా ట్రాలీలకు వేరుగా బ్రేకులు ఉండవు కనుక వాలులో వెనుక బరువు ట్రాక్టరును నెట్టి మలుపులలో బోల్తాపడే అవకాశమున్నది. వెనుక దీపాలు లేని ట్రాలీ రాత్రివేళ ఇతర వాహనాలకు కనిపించదు. గడ్డి పరచిన ట్రాలీ పక్కన పొయ్యి వెలిగించడం వలన అగ్నిప్రమాద భయం కూడా ఉన్నది. ఎడ్లబండి నడిచే వేగంలో ఇంత ప్రమాదం లేదు. అదే సామాను, అదే జనం జాతీయ రహదారి వేగంలోనికి రావడమే ఇందుకు కారణం.

ప్రస్తుత స్థితి

ఆర్టీసీ ప్రత్యేక బస్సులు, కార్లు, ఆటోలు పెరగడంతో బండి ప్రయాణం తగ్గింది. 2024 ఫిబ్రవరి 21 నుండి 24 వరకు జరిగిన జాతరకు ప్రత్యేక బస్సులలో మహిళలు మహాలక్ష్మి పథకం కింద ఉచితంగా ప్రయాణించారు. బస్సులలో వచ్చేవారిలో అనేకులు దర్శనం చేసుకొని అదే రోజు తిరిగి వెళతారు. సారలమ్మ రాక నుండి వనప్రవేశం వరకు అక్కడే ఉండదలచిన కుటుంబాలు మాత్రం నేటికీ ట్రాలీలను, అక్కడక్కడ ఎడ్లబండ్లను ఆశ్రయిస్తున్నాయి. బస్సు దారిని మాత్రమే దాటించగలదు. బండి నాలుగు రోజులు ఇల్లుగా కూడా నిలుస్తుంది.