విద్యాపర్తి: వనపర్తి పట్టణ జీవననాణ్యత – సాంఘిక చరిత్ర దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పూర్వ మహబూబ్‌నగర్ జిల్లాలోని వనపర్తి ఒకప్పటి సంస్థాన కేంద్రం. 1959లో అక్కడి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ ఏర్పడిన తరువాత అది కళాశాలల పట్టణంగా పేరు పొందింది. ఆ పట్టణాన్ని ‘విద్యాపర్తి’ అని పిలుచుకోవడం కూడా ఉన్నది. అయితే 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత అతి తక్కువగా ఉన్న జిల్లా మహబూబ్‌నగరే. ఈ రెండు సంగతులు ఒకే నేల మీద ఎట్లా కుదిరాయో సంస్థానకాలం నుంచి నేటి వరకు పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: వనపర్తి, సంస్థానం, పాలిటెక్నిక్, జీవననాణ్యత, పాలమూరు వలస, సరళాసాగర్, పాలెం.

1. ఉపోద్ఘాతం:

జీవననాణ్యత అనే మాట మనకు అర్థశాస్త్రం నుంచి వచ్చింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990లో మానవాభివృద్ధి సూచికను వెలువరించిన తరువాత, ఆదాయంతో పాటు ఆయుర్దాయం, చదువు కూడా కొలమానాలుగా స్థిరపడినాయి. కాని ఈ ఆలోచన తెలుగులో అంతకు నాలుగు దశాబ్దాల ముందే మరొక రూపంలో కనిపిస్తుంది. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డి రాజుల యుద్ధాలకు ప్రాధాన్యం ఇవ్వలేదు. ఆయా కాలాల జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఎట్లాంటి ఇండ్లలో ఉన్నారు, ఏ ఆటలు ఆడుకొన్నారు అన్నదే ఆయన విచారణ. ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

1952 ఎన్నికలలో ప్రతాపరెడ్డి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనది వనపర్తి నుంచే. 1953లో మరణించినందువల్ల తన నియోజకవర్గ కేంద్రం కళాశాలల పట్టణంగా మారడాన్ని ఆయన చూడలేదు. ఆయన పద్ధతిని ఆయన పట్టణానికే అన్వయించి చూస్తే ఏమి తేలుతుందన్నది ఈ వ్యాసానికి ప్రేరణ.

2. సంస్థానకాలపు విద్య:

వనపర్తి సంస్థానానికి పూర్వనామం సూగూరు సంస్థానం. నిజాం రాజ్యంలో గద్వాల, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలుపేట సంస్థానాలతో పాటు ఇదీ కప్పం చెల్లిస్తూ కొనసాగింది. దీని పాలకులలో బహిరీ గోపాలరావుకు ‘అష్టభాషి’ అనే ప్రసిద్ధి ఉన్నది. ఎనిమిది భాషలు తెలిసినవాడన్నది ఆ బిరుదుకు అర్థం. శ్రీరంగాపురంలోని రంగనాయకస్వామి ఆలయం, దాని పక్కనున్న రంగసముద్రం చెరువు ఆ వంశీకుల కాలానివే. ఒకే చోట గుడి, చెరువు, పాండిత్యం ఉండటం సంస్థాన జీవనానికి ఆదర్శచిత్రం. మనం సంస్థానాల సాహిత్యసేవ గురించి రాసేటప్పుడు సాధారణంగా ఈ చిత్రం దగ్గరే ఆగిపోతాము.

ఆ సేవ చిన్నది కాదు. తిరుపతి వేంకటకవులు అవధానాలు చేస్తూ ఈ ప్రాంతపు సంస్థానాలను దర్శించారు. నన్నెచోడుని ‘కుమారసంభవము’ను 1909లో వెలుగులోకి తెచ్చిన మానవల్లి రామకృష్ణకవి కొంతకాలం వనపర్తి సంస్థానంలో ఉన్నారు. 1934లో ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 354 మంది కవులతో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’ను తిరగవేస్తే, సంస్థానాల నీడలో బతికిన కవులు ఎందరో కనిపిస్తారు.

అయితే ఆ పాండిత్యం ఆస్థానం గడప దాటి సేద్యగాని ఇంటికి చేరలేదు. రాజ్యమంతటా పైచదువు ఉర్దూలో ఉండేది. మాతృభాషలో ప్రాథమిక విద్య కావాలన్నది ఆంధ్రమహాసభ ప్రధానమైన కోరికలలో ఒకటి. ప్రతాపరెడ్డి అధ్యక్షతన 1930లో జోగిపేటలో, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో ఆ మహాసభలు జరిగాయి. ఆ ఇద్దరు అధ్యక్షులూ పాలమూరు నేలవారే. తమ జిల్లాలో బడి లేని పల్లెలను చూసినవారు కనుకనే ఆ కోరికకు అంత బలం వచ్చిందని ఈ వ్యాసరచయిత అభిప్రాయం.

3. 1959 – రెండు ప్రారంభాలు:

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. మరుసటి ఏడాది జాగీర్ల రద్దుతో సంస్థానాల పాలనాధికారం ముగిసింది. అప్పటికి వనపర్తి వారసుడు జె. రామేశ్వరరావు యువకుడు. తరువాత ఆయన భారత దౌత్యవేత్తగా ఆఫ్రికాలో పనిచేశారు. మహబూబ్‌నగర్ నుంచి పలుమార్లు లోక్‌సభకు ఎన్నికైనారు. ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణసంస్థను నడిపారు. ఆయన సతీమణి శాంతా రామేశ్వరరావు రచయిత్రి. హైదరాబాదులో విద్యారణ్య పాఠశాలను 1961లో స్థాపించినది ఆమెయే.

ఈ కుటుంబంతో ముడిపడిన రెండు నిర్మాణాలు 1959లోనే వాడుకలోకి వచ్చాయి. మొదటిది ఊకచెట్టువాగు మీద కట్టిన సరళాసాగర్. రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు దీనికి పెట్టారు. 1949లో శంకుస్థాపన జరిగిన ఈ చిన్న జలాశయం ప్రత్యేకత సైఫన్ విధానం. నీరు నిండు మట్టానికి చేరగానే, గేట్లు ఎత్తే మనిషి అవసరం లేకుండా గాలి ఒత్తిడి తేడాతో వరదనీరు తనంతట తాను సైఫన్ల గుండా బయటికి పోతుంది. మన దేశంలో ఈ విధానంతో కట్టిన తొలినాటి ఆనకట్టలలో ఇది ఒకటి.

రెండవది పాలిటెక్నిక్. వనపర్తి రాజప్రాసాదంలో ఏర్పడిన ఈ విద్యాలయాన్ని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. దీని పేరులోని కె.డి.ఆర్. అనే పొడి అక్షరాలలో రామేశ్వరరావు తండ్రి కృష్ణదేవరావు పేరు ఉన్నది. రైలుబండి కూడా రాని ఊరిలో సాంకేతిక విద్యాలయం ఏర్పడటం ఆ రోజులలో అరుదైన విషయం. రాజు కొలువుతీరిన గదులలో డ్రాయింగు బల్లలు వేశారు.

దీనిని రాజావారి విద్యాదానం అనడం పరిపాటి. ఆ మాటలో అసత్యం లేదు. కాని ఆ ప్రాసాదం పల్లెల శిస్తుతో లేచినది. ఆ లెక్కన చూస్తే 1959లో జరిగింది దానం ఎంతో, బాకీ తీర్చడం కూడా అంతే. శిస్తు కట్టిన రైతు కొడుకు ఆ గదులలో కూర్చోగలిగాడా అన్నది అసలు ప్రశ్న.

4. గది, బియ్యం మూట, బస్సు:

కళాశాల వచ్చిన చిన్న పట్టణంలో బతుకు ఎట్లా మారుతుంది? వనపర్తి దీనికి మంచి ఉదాహరణ. పాలిటెక్నిక్ తరువాత డిగ్రీ, జూనియర్ కళాశాలలు, వసతిగృహాలు వచ్చాయి. చుట్టుపక్కల తాలూకాల పిల్లలు ఇక్కడికి చేరారు. వసతిగృహంలో చోటు దొరకనివారు నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకోవడం, ఊరి నుంచి బియ్యం మూట, పప్పు, కారం తెచ్చుకొని వంతులవారీగా వండుకోవడం, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోయి సోమవారం ఉదయానికి తిరిగి రావడం – తెలంగాణలోని కళాశాల పట్టణాలన్నింటా కనిపించే జీవనవిధానం ఇది. ఇంటి వెనుక ఖాళీ జాగాలో రేకుల గది వేసి అద్దెకిచ్చిన గృహిణి, అప్పు రాసుకొనే కిరాణా దుకాణదారు, పాత పుస్తకాల అంగడి, సైకిలు మరమ్మతు చేసేవాడు – పట్టణ ఆర్థికం వీరి మీద నడిచింది. ప్రస్తుత ముఖ్యమంత్రి ఎ. రేవంత్‌రెడ్డి కూడా విద్యార్థిదశలో వనపర్తిలో అద్దె ఇంట్లో ఉండి చదువుకొన్నవారే.

ఈ జీవితంలో సుఖం తక్కువ, స్వేచ్ఛ ఎక్కువ. పల్లెలో వాడవాడకూ ఉన్న కులపు గీతలు అద్దెగదిలో పూర్తిగా చెరిగిపోలేదు. గది ఎవరికి ఇవ్వాలన్న దగ్గరే అవి మళ్ళీ కనిపించేవి. అయినా ఒకే గిన్నెలో వండుకొన్న నలుగురు కుర్రవాళ్ళ మధ్య అవి కొంత పలుచబడినాయి. ఇది సూచికలు పట్టుకోలేని మార్పు. సురవరం వంటి చరిత్రకారుడు మాత్రం దీనిని వదిలిపెట్టేవాడు కాదు. ఇక్కడ మరొక సంగతి చెప్పాలి. ఈ స్వేచ్ఛ చాలాకాలం మగపిల్లలదే. ఆడపిల్ల ఒంటరిగా గది తీసుకొని చదవడం ఊహకందని రోజులవి. ఆమెకు వసతిగృహంలో చోటు దొరకకపోతే చదువు ఆగిపోయినట్లే.

పట్టణపు మరొక లోటు దాని చిరునామాలోనే ఉన్నది. సికింద్రాబాదు–కర్నూలు రైలుమార్గంలో ‘వనపర్తి రోడ్డు’ అనే స్టేషను ఉన్నది గాని అది పట్టణానికి దూరం. హైదరాబాదు–బెంగుళూరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరుల మీదుగా పోతుంది తప్ప వనపర్తిని తాకదు. రైలూ రహదారీ రెండూ పక్క నుంచే సాగిపోతాయి. చదువు పూర్తయినవాడు ఆ రెండింటిలో ఒకదానిని పట్టుకొని వెళ్ళిపోయాడు.

5. ఓవర్సీయరు, కూలీ:

సివిల్ డిప్లొమా చేసినవాడు ఆనాటి వాడుకలో ఓవర్సీయరు. రాష్ట్రంలో ఆనకట్టలు, కాలువలు జోరుగా కడుతున్న కాలమది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నల్లగొండ జిల్లా సరిహద్దులోనే లేస్తున్నది. డిప్లొమా చదివిన యువకునికి నీటిపారుదల, రోడ్లు భవనాలు, విద్యుత్తు శాఖలు సహజమైన గమ్యాలు.

అదే పనిస్థలానికి అదే జిల్లా నుంచి మరొక దారిలో చేరినవారు పాలమూరు కూలీలు. వర్షాభావం, నీటివసతి లేని ఎర్రనేలలు, అప్పులు కలిసి పల్లెలకు పల్లెలను ఖాళీ చేయించాయి. గుంపుమేస్త్రీ ముందుగా ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, భార్యాపిల్లలతో సహా దూరప్రాంతాల మట్టిపనికి వెళ్ళే ఈ పద్ధతి వల్ల ‘పాలమూరు లేబరు’ అన్నది దేశమంతటా వ్యవహారంలోకి వచ్చింది. తల్లిదండ్రుల వెంట గుడారంలో పెరిగిన బిడ్డ బడి మొహం చూడలేదు. కనుక ఒక కుటుంబంలో వలస ఒక తరంతో ఆగలేదు.

ఒకే తాలూకా నుంచి ఒకడు కొలతపట్టీతో, మరొకడు తట్టాపారతో ఆనకట్ట దగ్గరికి చేరారు. వారిద్దరి మధ్య తేడా పదో తరగతి. పాలిటెక్నిక్ ద్వారం తెరిచే ఉన్నది గాని దానికి చేరే కింది మెట్లు, అంటే పల్లెలోని ప్రాథమిక పాఠశాల, ఉన్నతపాఠశాల, పూటకు తిండి పెట్టే వసతిగృహం, సరిపడినన్ని లేవు. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. స్త్రీలలో అది సగానికి తక్కువ. పాలిటెక్నిక్ తెరిచిన అర్ధశతాబ్దం తరువాతి లెక్క ఇది. విద్యాపర్తి అనే పేరును, ఈ అంకెను పక్కపక్కన పెట్టి చదవవలసి ఉంటుంది.

ఈ లోపాన్ని ప్రభుత్వం గుర్తించిన సందర్భం ఒకటి ఉన్నది. ముఖ్యమంత్రిగా పి.వి. నరసింహారావు 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాలను ప్రారంభింపజేశారు. పల్లెటూరి పిల్లవానికి పాఠం ఒక్కటే చాలదు, అన్నమూ పడకా కూడా చదువులో భాగమే అన్న అవగాహన ఆ ఏర్పాటులో ఉన్నది. వనపర్తి గదులలో బియ్యం మూటలు మోసిన విద్యార్థులకు అది అనుభవం మీద ముందే తెలిసిన విషయం.

6. పాలెం – మరొక నమూనా:

వనపర్తికి దగ్గరలోనే, బిజినేపల్లి మండలంలోని పాలెం గ్రామాన్ని ఇక్కడ పోల్చి చూడవచ్చు. అక్కడ ప్రాసాదం లేదు, రాజు లేడు. తోటపల్లి సుబ్రహ్మణ్యం అనే గ్రామస్థుడు, జనం పిలుపులో పాలెం సుబ్బయ్య, ఊరిలో వేంకటేశ్వరాలయంతో పాటు విద్యాలయాలు వెలయడానికి పూనుకొన్నారు. శ్రీ వేంకటేశ్వర ప్రాచ్యకళాశాల ఈ జిల్లాలో తెలుగు చదువుకు ఆధారమైంది. ‘పాలమూరు జిల్లా దేవాలయాలు’ రాసిన కపిలవాయి లింగమూర్తి (1928–2018) ఇక్కడ ఉపన్యాసకులుగా పనిచేశారు. ఊరూరా తిరిగి స్థలచరిత్రలు సేకరించిన ఆయనకు పాలెం సరైన కేంద్రం. విద్యార్థి ఏ ఊరివాడైతే ఆ ఊరి గుడి కథ, పొలం పేరు, ఇంటిపేరు అతనితో పాటే తరగతిగదికి వచ్చేవి.

పాలిటెక్నిక్ చదువు యువకుణ్ణి ఊరు దాటించింది. ప్రాచ్యకళాశాల చదివినవాడు తెలుగు పండితుడై తిరిగి మరొక పల్లె ఉన్నతపాఠశాలకే చేరాడు. జీతం, హోదా మొదటివానివే ఎక్కువ. జిల్లాలోని కింది మెట్లను కట్టినది మాత్రం రెండవవాడని ఒప్పుకోవలసి ఉంటుంది. తెలుగు శాఖకు చెందినవారి పక్షపాతంగా దీనిని ఎవరైనా కొట్టివేయవచ్చు. కాని జిల్లాలోని ఏ ఉన్నతపాఠశాలలోనైనా పాత ఉపాధ్యాయుల చదువులు ఎక్కడ సాగాయో అడిగి చూస్తే సంగతి తెలుస్తుంది.

7. నేటి వనపర్తి:

2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లాకేంద్రమైంది. పెబ్బేరులో మత్స్యశాస్త్ర కళాశాల వచ్చింది. భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీరు చెరువులకు చేరడంతో వరిపొలాలు పెరిగాయి. రంగసముద్రం ఇప్పుడు భీమా పథకంలో భాగం. పాత నిర్మాణాలు అలసిపోయిన సూచనలూ కనిపించాయి. 2019 డిసెంబరు 31 ఉదయం సరళాసాగర్ కట్ట తెగి నీరంతా దిగువనున్న రామన్‌పాడు వైపు పోయింది. సైఫన్లు నిలిచాయి, తెగింది మట్టికట్ట. ఆ తరువాత దానిని తిరిగి కట్టారు.

2022 నవంబరులో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభమైన ఎనిమిది ప్రభుత్వ వైద్యకళాశాలలలో వనపర్తి ఒకటి. ఇంతవరకు ఈ పట్టణానికి వచ్చిన కళాశాలలకు, దీనికి ఒక భేదం ఉన్నది. పాలిటెక్నిక్ తనలో చేరినవానికి మాత్రమే ఉపయోగపడింది. వైద్యకళాశాలకు బోధనాసుపత్రి తప్పనిసరి. ఆసుపత్రికి రోగులు కావాలి. పదో తరగతి దాటని వలసకూలీ, అక్షరం రాని అతని తల్లి మొదటిసారిగా ఈ పట్టణంలోని ఒక కళాశాల ఆవరణలోకి తమ పని మీద తాము వస్తున్నారు. ఉదయం పల్లెల నుంచి వచ్చే బస్సులలో ఇప్పుడు పుస్తకాల సంచుల పక్కన ఆసుపత్రి చీటీలు పట్టుకొన్న ముసలివాళ్ళు కూడా కూర్చుంటారు.