కొమ్ము రేకుతో తుపాను జాడ

మళ్లీ నవంబరు 19 వస్తోంది. 1977లో ఆ రోజే ఉప్పెన దివిసీమను ముంచెత్తి సుమారు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. మన తీరానికి అది కొత్త కాదు. 1789లో కోరంగి, 1839లో మళ్లీ కోరంగి, 1864లో బందరు. అంతకుముందు శతాబ్దాల్లో ఎన్ని ఊళ్లు కొట్టుకుపోయాయో రాసిపెట్టిన నాథుడే లేడు.

కోరంగి కథను రాసిపెట్టినవాళ్లలో హెన్రీ పిడింగ్టన్ ఒకడు. ఓడ కెప్టెన్‌గా తిరిగి తిరిగి కలకత్తాలో స్థిరపడ్డ ఇంగ్లీషువాడు. తాను సముద్రాన్ని వదిలాడు గానీ గాలివానలు ఆయన్ని వదల్లేదు. తుపానులో చిక్కి బయటపడ్డ ఓడల లాగ్‌బుక్కులు సంపాదించి, ఏ వేళకు ఏ ఓడ ఎక్కడుంది, గాలి ఎటునుంచి కొట్టింది అని పటం మీద గుర్తులు పెట్టుకుంటూ కూర్చునేవాడు. 1839 నుంచి ఏళ్ల తరబడి ఇదే యావ. తుపాను గాలి సుడి తిరుగుతుందని అప్పటికే కొందరు చెప్పారు. దాన్ని నావికుడి చేతికి పనిముట్టుగా అందించిన ఘనత మాత్రం ఈయనదే. 1848లో వేసిన పుస్తకంతో పాటు అవతలిది కనిపించేంత పల్చటి కొమ్ము రేకులు ఇచ్చాడు. వాటి మీద వలయాలు, గాలి దిశలు గీసి ఉంటాయి. వీస్తున్న గాలికి సరిపోయే గుర్తు ఓడ ఉన్నచోటికి వచ్చేలా రేకును పటం మీద పరిస్తే తుపాను కేంద్రం ఎటుందో తేలిపోతుంది. ఎటు తప్పించుకోవాలో కెప్టెన్ ఇష్టం. ఆ రేకు మీద నాకు మోజు ఇంకా తీరలేదు.

1853లో బెంగాల్‌లోని మాట్లా నది మీద కొత్త రేవు కట్టబోతున్నారని విని, ఉప్పెన ముంచుతుంది, వద్దంటూ ఏకంగా గవర్నర్ జనరల్ డల్హౌసీకే లేఖ రాసి అచ్చువేయించాడు. దొరలు రేవు కట్టారు, క్యానింగ్ అని పేరూ పెట్టారు. పిడింగ్టన్ 1858లో కన్నుమూశాడు. 1867లో ఉప్పెన వచ్చి రేవును ధ్వంసం చేసింది.

ఆ తర్వాత కథ ఇంత తిన్నగా సాగదు. 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. దివిసీమ తర్వాత తీరంలో తుపాను షెల్టర్లు లేచాయి. 1980లలో ఇన్‌శాట్ ద్వారా సైరన్ మోగించి హెచ్చరిక వినిపించే పెట్టెలు తీరప్రాంత ఊళ్లకు చేరాయి. 1990 మే తుపానుకు లక్షల మందిని ముందే తరలించారు. అయినా 960 మందికి పైగా పోయారు. 2014లో హుద్‌హుద్ విశాఖను కొట్టేనాటికి చేతుల్లో సెల్‌ఫోన్లు, కొండ మీద డాప్లర్ రాడార్ ఉన్నాయి. తీరా అవసరానికి ఫోన్లు మూగబోయాయి, రాడారూ దెబ్బతింది.

ఇప్పుడు ఫోనులోనే సైరన్ మోగే సెల్ బ్రాడ్‌కాస్ట్ వచ్చింది. మంచిదే. తీరంలో ఉన్నవాళ్లు ఆ అలర్టు ఆపేసి ఉంటే వెంటనే ఆన్ చేసుకోండి. బ్యాటరీ రేడియో మాత్రం పారేయకండి.