మూసీ తీరాన విద్యాసౌధం: నాటి సిటీ హైస్కూలు, నేటి సిటీ కళాశాల

హైదరాబాద్ పాతబస్తీలో మూసీ నది దక్షిణ తీరాన, హైకోర్టు సమీపాన గంభీరంగా దర్శనమిచ్చే ప్రభుత్వ సిటీ కళాశాల భవనం మొదట ఉన్నత పాఠశాల కోసం నిర్మితమైనది. నిజాం రాజ్యంలో 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఆధునిక విద్యకు పునాది వేసిన దారుల్ ఉలూమ్ పాఠశాలతో దీని చరిత్ర ముడిపడి ఉన్నది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఆ విద్యాలయం సిటీ హైస్కూలుగా రూపొంది, 1921లో ప్రస్తుత భవనంలోకి మారింది.

ఈ నిర్మాణానికి నేపథ్యం 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరదలు. ఆ విపత్తులో సుమారు 15 వేల మంది మరణించినట్లు అంచనా. ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు వరద నివారణకై మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), శంషాబాద్ సమీపాన ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు నిర్మించబడినవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి నగర పునర్నిర్మాణం చేపట్టగా, నదీ తీరం ప్రజోపయోగ భవనాలతో కొత్త రూపు సంతరించుకున్నది.

బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ ఇండో-సార్సెనిక్ శైలిలో ఈ పాఠశాల భవనానికి రూపకల్పన చేశారు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ రైల్వే స్టేషన్ భవనాలు కూడా ఆయన పేరుతో ముడిపడినవే. 1929లో ఇంటర్మీడియట్ తరగతులు ప్రారంభమై, ఉస్మానియా విశ్వవిద్యాలయ అనుబంధంతో హైస్కూలు కళాశాలగా ఎదిగింది.

తెలంగాణ ఉద్యమ చరిత్రలోనూ ఈ ప్రాంగణానికి ప్రత్యేక స్థానం ఉన్నది. ఉద్యోగాలలో ముల్కీ నిబంధనల ఉల్లంఘనను నిరసిస్తూ సాగిన విద్యార్థి ఉద్యమంలో భాగంగా 1952 సెప్టెంబర్ 3న సిటీ కళాశాల వద్ద పోలీసు కాల్పులు జరిగి కొందరు ప్రాణాలు కోల్పోయారు. నాటి ఘటనలపై జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు. ఆనాటి స్థానికుల హక్కుల ప్రశ్న 1969లో మళ్లీ ప్రజ్వరిల్లి, మలిదశ ఉద్యమం మీదుగా 2014 జూన్ 2న ప్రత్యేక రాష్ట్ర ఆవిర్భావానికి దారితీసింది.

ఆ కాలపు నదీతీర భవనాలు నేడు మార్పు అంచున ఉన్నవి. హైకోర్టు నూతన సముదాయానికి 2024 మార్చిలో రాజేంద్రనగర్ వద్ద, ఉస్మానియా ఆసుపత్రి నూతన భవనాలకు 2025 జనవరిలో గోషామహల్ వద్ద శంకుస్థాపన జరిగింది. వాటి పాత భవనాల భవిష్య వినియోగం చర్చనీయాంశం కాగా, సిటీ కళాశాల మాత్రం తాను నిర్మితమైన విద్యా ప్రయోజనానికే శతాబ్ది దాటినా ఉపయోగపడుతున్నది. తరగతులు నడుస్తున్న భవనానికి నిత్య సంరక్షణ ఎంత అవసరమో, నిత్య వినియోగమే చారిత్రక కట్టడాన్ని ఎలా నిలబెడుతుందో తెలిపే ఉదాహరణగా ఈ సౌధం నిలిచి ఉన్నది.